పాలసీ లిమిట్ ముప్పై వేలే అన్నప్పుడు

తొడ ఎముక విరిగి, లోపల రాడ్ వేయించుకుని, వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తున్న మనిషికి ఎదుటి డ్రైవరు ఇన్సూరెన్స్ అడ్జస్టరు ఫోన్ చేస్తాడు. "మా పాలసీ లిమిట్ 30,000 డాలర్లు. మొత్తం ఇచ్చేస్తున్నాం. రిలీజ్ కాగితం ఈమెయిల్ చేశాను. సంతకం పెడితే ఈ వారమే చెక్కు వస్తుంది." రిలీజ్ అంటే గుద్దినవాడిని ఇక ఏమీ అడగనని హక్కు వదులుకునే కాగితం. అప్పటికి ఆస్పత్రి వేసిన బిల్లు లక్ష దాటి ఉంటుంది. తెలిసినవాళ్లను అడిగితే రెండే జవాబులు వినిపిస్తాయి. కొందరు "ఇంతకు మించి రాదు, తీసేసుకో" అంటారు. ఇంకొందరు "కేసు వేసి వాడి ఇల్లు లాగెయ్" అంటారు. టెక్సస్ విషయంలో ఈ రెండూ తప్పే.

లిమిట్ అనేది ఇన్సూరెన్స్ కంపెనీ తన మీద తాను వేసుకున్న హద్దు. గుద్దిన మనిషి బాధ్యత అక్కడితో ఆగదు. మీకు జరిగిన నష్టం రెండున్నర లక్షలైతే అతను చట్టం ప్రకారం రెండున్నర లక్షలకూ బాకీ ఉన్నట్టే. కానీ బాకీ ఉండటం వేరు, వసూలు కావటం వేరు. లిమిట్‌కు మించి వచ్చే డబ్బులో ఎక్కువ భాగం గుద్దినవాడి జేబులోంచి రాదు, ఇంకో పాలసీలోంచి వస్తుంది. అందుకే మొదట వెతకాల్సింది ఆస్తుల్ని కాదు, పాలసీల్ని. ఆ వెతుకులాట పూర్తయ్యేదాకా రిలీజ్ మీద సంతకం పెట్టకూడదు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం. ఈ వరస తెలియక కుటుంబాలు నష్టపోవటం ఆగాలి.

ముందు ఆ ఇల్లు లాగేసే సంగతి. టెక్సస్‌లో సొంతంగా ఉంటున్న ఇంటిని ఇలాంటి తీర్పు కింద అమ్మించలేరు. ఊళ్లో పదెకరాల దాకా స్థలం, దాని మీద ఇల్లు, ధర ఎంతైనా సరే, హోమ్‌స్టెడ్ కింద రక్షణలో ఉంటుంది. నడుస్తున్న జీతాన్ని జప్తు చేయటాన్ని రాష్ట్ర రాజ్యాంగమే ఆపుతుంది. పిల్లల పోషణ ఖర్చు లాంటి కొన్ని బాకీలకే మినహాయింపు. రిటైర్మెంట్ ఖాతాలనూ ముట్టుకోలేరు. కుటుంబానికి లక్ష డాలర్ల విలువ దాకా కార్లు, సామాన్లు వదిలేయాలి. జీతం బ్యాంకు ఖాతాలో పడ్డాక మాత్రం ఆ రక్షణ ఉండదు, ఆ ఖాతాను గార్నిష్, అంటే కోర్టు ద్వారా జప్తు చేయించవచ్చు. అయితే 30,000 లిమిట్‌తో తిరిగే మనిషి ఖాతాలో సాధారణంగా ఏముంటుంది? పైగా అతను దివాలా పిటిషన్ వేస్తే మామూలు నిర్లక్ష్యం వల్ల వచ్చిన బాకీ కొట్టుకుపోతుంది. తాగి నడిపి గాయపరిచినవాడికి మాత్రం ఫెడరల్ దివాలా చట్టం ఆ దారి మూసేసింది. కాబట్టి పోలీసు రిపోర్టులో మద్యం ప్రస్తావన ఉంటే లెక్క మారుతుంది. తీర్పు పదేళ్లు బతుకుతుంది, మధ్యలో దాన్ని అమలు చేయమనే కోర్టు ఉత్తర్వు (రిట్) తీయిస్తూ ఉంటే ఆపైనా నిలుస్తుంది.

అయినా ఆస్తులు చూడకుండా వదలొద్దు. గంట పని. ఆస్తులకు పన్ను విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో యజమాని పేరుతో వెతికితే అతనికి ఎన్ని ఇళ్లున్నాయో కనిపిస్తుంది. డాలస్, కాలిన్, హ్యారిస్ కౌంటీలన్నిటికీ ఈ వెతికే సౌకర్యం ఉంది. ఉంటున్న ఇల్లు కాక అద్దెకిచ్చిన ఇళ్లు రెండు కనబడ్డాయంటే వాటికి హోమ్‌స్టెడ్ రక్షణ లేదు. అంతకన్నా ముఖ్యంగా, అలాంటివాళ్లకు అంబ్రెల్లా పాలసీ, అంటే కారు పాలసీ లిమిట్ దాటాక అక్కరకొచ్చే అదనపు పాలసీ, ఉండే అవకాశం ఎక్కువ. ఆస్తి వివరాలు వెతకటంలో అసలు లాభం అదే: ఇంకో పాలసీ ఉందేమో అన్న ఆచూకీ.

ఇప్పుడు మీ సొంత పాలసీ తీయండి. డిక్లరేషన్ పేజీ అని మొదట్లో ఒకటి రెండు పేజీలుంటాయి. అందులో కారు పేరు కింద వరుసగా కవరేజీలు, పక్కన అంకెలు ఉంటాయి. బాడిలీ ఇంజురీ, ప్రాపర్టీ డ్యామేజ్ కింద "అన్‌ఇన్‌ష్యూర్డ్/అండర్‌ఇన్‌ష్యూర్డ్ మోటరిస్ట్" అనే వరస కోసం చూడండి. దాని ఎదురుగా 100/300 అని ఉంటే, గుద్దినవాడి ఇన్సూరెన్స్ చాలనప్పుడు మీ కంపెనీ మనిషికి లక్ష, ప్రమాదానికి మూడు లక్షల దాకా ఇస్తుందని. "రిజెక్టెడ్" అని ఉంటే లేదని. దీన్నే యూఐఎం అంటారు. టెక్సస్‌లో అమ్మే ప్రతి ఆటో పాలసీలో ఇది ఉండి తీరాలి, వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దని సంతకం చేయాలి. ప్రీమియం తగ్గుతుందని ఆన్‌లైన్‌లో పాలసీ కొనేటప్పుడు టిక్ తీసేసి, ఈ-సంతకం పెట్టి మరిచిపోయినవాళ్లు చాలామంది. ఏజెంటు "రిజెక్టెడ్" అంటే నమ్మి ఊరుకోకండి. ఆ సంతకం ఉన్న కాగితం చూపించమనండి. అది చూపలేకపోతే కవరేజీ ఉన్నట్టే వాదించవచ్చు. పిప్ అనే వ్యక్తిగత గాయాల కవరేజీకీ ఇదే సూత్రం. కనీసం 2,500 డాలర్లు, తప్పెవరిదైనా ఇస్తారు, వద్దంటే రాసివ్వాలి.

కొన్ని రాష్ట్రాల్లో యూఐఎం లిమిట్‌లోంచి ఎదుటివాడి లిమిట్ తీసేస్తారు. టెక్సస్‌లో అలా కాదు. 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది: ఎదుటివాడి ఇన్సూరెన్స్ మీ అసలు నష్టానికి చాలకపోతే అతను అండర్‌ఇన్‌ష్యూర్డే, తగ్గింపు మొత్తం నష్టంలోంచి చేయాలి. నష్టం రెండున్నర లక్షలు అనుకుందాం. ఎదుటివాడి 30,000 పోతే ఇంకా 2,20,000 మిగిలింది. మీ యూఐఎం లక్ష అయితే లక్షకు లక్షా అడగవచ్చు. పిప్ పదివేలుంటే అదీ కలిపి మొత్తం 1,40,000.

మీరు ఇంకొకరి కారులో ఎక్కి వెళ్తుండగా జరిగితే ముందు ఆ కారు యూఐఎం, అది చాలకపోతే మీ సొంత పాలసీ యూఐఎం. వేర్వేరు పాలసీలను ఇలా ఒకదాని మీద ఒకటి కలుపుకోవటానికి టెక్సస్ ఒప్పుకుంటుంది. ఒకే పాలసీలో రెండు కార్లున్నాయని రెండింతలు అడగటానికి ఒప్పుకోదు. నలుగురు రూమ్మేట్లు ఒకరి కారులో వెళ్తుంటారు కదా. కారు ఓనరు యూఐఎం వద్దని రాసిచ్చినా, పక్క సీట్లో ఉన్న విద్యార్థికి తన పేరు మీద ఇంకో కారు, దానికో పాలసీ ఉంటే దాని యూఐఎం అతనికి వర్తిస్తుంది. ఇది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. గుద్ది పారిపోయిన కేసుల్లో మాత్రం ఒక షరతు ఉంది: ఆ గుర్తు తెలియని బండి మీ బండికి నిజంగా తగిలి ఉండాలి. అడ్డొచ్చిన బండిని తప్పించబోయి గోడకు గుద్దుకుంటే ఈ కవరేజీ రాదు.

యూఐఎం క్లెయిములు పాడయ్యేది రెండు చోట్ల. ఒకటి, మీ కంపెనీకి చెప్పకుండా ఎదుటివాడితో సెటిల్ అవటం. ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలని పాలసీలో క్లాజు ఉంటుంది. మీకు డబ్బిచ్చాక గుద్దినవాడి మీద వసూలుకు వెళ్లే హక్కు కంపెనీకి ఉంటుంది, మీ రిలీజ్ ఆ హక్కును చంపేస్తుంది. అనుమతి తీసుకోనంత మాత్రాన క్లెయిము పోదని, దానివల్ల కంపెనీకి నిజంగా నష్టం జరిగిందని చూపాలని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, సంతకం చేసేసినవాళ్లకు ఇంకా ఊపిరి ఉంది. కానీ ఒక్క ఈమెయిల్‌తో పోయేదానికి కోర్టు దాకా ఎందుకు? ఆఫర్ లెటరు, ఎదుటివాడి డిక్లరేషన్ పేజీ జతచేసి "ఈ లిమిట్‌కు సెటిల్ అవటానికి అనుమతి ఇవ్వండి" అని రాయండి, జవాబు రాతలో వచ్చేదాకా ఆగండి.

రెండోది ఓపిక. ఎదుటివాడి తప్పు, మీ నష్టం ఎంతో కోర్టు తీర్పులో తేలేదాకా యూఐఎం డబ్బు ఇవ్వాల్సిన ఒప్పంద బాధ్యత మీ కంపెనీకి మొదలే కాదని 2006లో ఇదే కోర్టు చెప్పింది. అందుకే ఏళ్లుగా ప్రీమియం తీసుకున్న సొంత కంపెనీయే ఎదురు పార్టీలా ప్రవర్తిస్తుంది. నా దృష్టిలో ఇది పాలసీదారుకు అన్యాయం చేసే సూత్రం, కానీ అమల్లో ఉన్నది అదే. తప్పెవరిదో, నష్టం ఎంతో తేల్చి చెప్పమని, అంటే డిక్లరేటరీ తీర్పు కోరుతూ, సొంత కంపెనీ మీదే కేసు వేయాల్సి రావచ్చు. అది ద్రోహమేమీ కాదు, దారి అదొక్కటే.

ఇక మూడోవైపు ఎవరున్నారో చూడండి. పోలీసు రిపోర్టు, సీఆర్-3 అంటారు, రాష్ట్ర రవాణా శాఖ సైట్‌లో 6 డాలర్లకు దొరుకుతుంది. అందులో డ్రైవరు పేరు ఒక గడిలో, బండి ఓనరు పేరు ఇంకో గడిలో ఉంటాయి. రెండూ వేరైతే రెండు పాలసీలు ఉండవచ్చు: బండికి ఉన్నది ముందు, డ్రైవరు సొంతది తర్వాత. ఓనరు ఒక కంపెనీ అయితే, లేదా డ్రైవరు ఆ టైములో డెలివరీ చేస్తూనో ఆఫీసు పని మీద క్లయింటు దగ్గరికి వెళ్తూనో ఉంటే, యజమాని కంపెనీ బాధ్యత వస్తుంది, దాని వాణిజ్య పాలసీ ముందుకొస్తుంది. ఊబర్, లిఫ్ట్ లాంటి వాటిలో యాప్ ఏ దశలో ఉందన్నదే కీలకం. ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవటానికి ఒప్పుకున్నప్పటి నుంచి దింపేదాకా పది లక్షల డాలర్ల కవరేజీ, యాప్ ఆన్‌లో ఉంచి ఖాళీగా తిరుగుతుంటే మనిషికి 50,000 మాత్రమే. రాష్ట్రాల మధ్య తిరిగే అద్దె లారీలకు ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం ఏడున్నర లక్షలు. లారీ అయితే మొదటి వారంలోనే లాయరు చేత రికార్డులు భద్రపరచమని నోటీసు పంపించాలి. డ్రైవరు పని గంటల లాగ్‌లను కంపెనీ ఆర్నెల్లే ఉంచాలి, ఆ తర్వాత తుడిచేసినా అడిగేవాడు లేడు. షాపుల బయటి కెమెరాల వీడియో అంతకాలం కూడా ఆగదు, మొదటి వారమే వెళ్లి అడగాలి.

అద్దె కారైతే ఆ కంపెనీని ఓనరు అయినందుకే పట్టుకోలేరు, 2005 నాటి ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది. సిటీ చెత్త లారీ గుద్దితే నష్టం ఎంత పెద్దదైనా మనిషికి రెండున్నర లక్షలే గరిష్ఠం. పైగా ఆర్నెల్లలో నోటీసు ఇవ్వాలి, కొన్ని నగరాల చార్టర్లలో ఇంకా తక్కువ గడువు ఉంటుంది. తాగి ఊగిపోతున్నాడని కళ్లకు కనిపిస్తున్నా పోస్తూ పోయిన బార్ మీద కూడా దావా నడుస్తుంది. డ్రైవరు పద్దెనిమిదేళ్ల కుర్రాడైతే తండ్రి కాబట్టి బాధ్యుడు అనే సూత్రం టెక్సస్‌లో లేదు. లైసెన్సు లేనివాడికో, నిర్లక్ష్యంగా నడుపుతాడని తెలిసినవాడికో కారిచ్చాడని రుజువైతేనే తండ్రి బాధ్యత వస్తుంది.

ఇవేవీ లేవు, 30,000 పాలసీ ఒక్కటే ఉందని తేలినా చేతిలో ఒక ఆయుధం మిగులుతుంది. దాని పేరు స్టోవర్స్ లెటరు. 1920లో హ్యూస్టన్‌లో స్టోవర్స్ అనే ఫర్నిచర్ షాపు ట్రక్కు చిన్న ప్రమాదంలో చిక్కుకుంది. డ్రైవరు దాన్ని లైట్లు లేకుండా రోడ్డు మీదే వదిలి ఫోన్ చేయటానికి వెళ్లాడు. చీకట్లో ఒక కారు దాన్ని గుద్దుకుని అందులో ఉన్న మహిళ తీవ్రంగా గాయపడింది. షాపు పాలసీ లిమిట్ 5,000 డాలర్లు. ఆమె 4,000కు రాజీకి సిద్ధమంది. ఇన్సూరెన్స్ కంపెనీ 2,500కు మించి ఇవ్వనంది. తీర్పు 12,000 పైచిలుకు వచ్చింది. షాపు ఆ మొత్తం కట్టి, ఇన్సూరెన్స్ కంపెనీ మీద దావా వేసింది. 1929లో వచ్చిన నిర్ణయం ఇప్పటికీ టెక్సస్ చట్టం: లిమిట్ లోపల సహేతుకమైన రాజీ అవకాశం వచ్చినా కాదన్న కంపెనీ, లిమిట్‌కు మించిన తీర్పు మొత్తాన్నీ తానే మోయాల్సి రావచ్చు.

అంటే 30,000 అనే హద్దును తెరవగలిగేది ఇన్సూరెన్స్ కంపెనీ తప్పే. ఆ తప్పు చేసే అవకాశం దానికి సరైన ఉత్తరంతోనే ఇవ్వాలి. క్లెయిము పాలసీ పరిధిలో ఉండాలి. అడిగే మొత్తం లిమిట్ లోపల ఉండాలి. జాగ్రత్త గల కంపెనీ అయితే ఒప్పుకునేంత స్పష్టంగా తప్పు, నష్టం కనిపించాలి. ప్రతిగా ఎదుటి డ్రైవరుకు పూర్తి విముక్తి ఇస్తామని రాయాలి. సాధారణంగా దెబ్బ తగిలేది ఈ చివరి మాట దగ్గరే. ప్రమాదం జరిగిన 72 గంటల్లో చేర్చుకున్న ఆస్పత్రికి మీ పరిహారం మీద లీన్ పెట్టే, అంటే తన బిల్లు అందులోంచే ముందు రాబట్టుకునే హక్కు ఉంది. ఉత్తరంలో ఆ లీన్ కూడా తీరుస్తామన్న మాట లేకపోతే అది పూర్తి విముక్తి కాదని 1998లో కోర్టు కొట్టేసింది. కాబట్టి ఉత్తరం రాసే ముందు కౌంటీ క్లర్కు రికార్డుల్లో మీ పేరు మీద హాస్పిటల్ లీన్ దాఖలైందేమో చూడాలి. భార్య లేదా భర్త క్లెయిము కూడా కలిపి వదులుకుంటున్నట్టు రాయాలి. పోలీసు రిపోర్టు, ఎక్స్‌రే రిపోర్టులు, ఆపరేషన్ నోట్సు, బిల్లులు, జీతం పోయినట్టు ఆఫీసు లెటరు జతచేయాలి. జవాబుకు న్యాయమైన గడువు ఇవ్వాలి. రెండు మూడు వారాలు మామూలు. మూడు రోజుల గడువు పెడితే "మాకు పరిశీలించే సమయమే ఇవ్వలేదు" అని తప్పించుకుంటారు.

ఒక చిక్కు తెలుసుకోవాలి. ఈ హక్కు మీది కాదు, గుద్దినవాడిది. కంపెనీ కాదన్నాక మీరు అతని మీద కేసు గెలిచి లిమిట్‌కు మించిన తీర్పు తెచ్చుకుంటే, అప్పుడు ఆ హక్కును కోర్టు ద్వారా మీ చేతికి తెచ్చుకోవాలి. ఏళ్లు పడుతుంది. కానీ ఉత్తరం అందిన రోజు నుంచే అడ్జస్టరు గొంతు మారుతుంది, 18,000 అంటున్న కంపెనీ 30,000కు వస్తుంది. ఇదే ఉత్తరం మీ తప్పు వల్ల జరిగిన ప్రమాదంలో మీ ఇంటికొస్తే మీరూ ఊరుకోవద్దు. "లిమిట్ ఇచ్చి సెటిల్ చేయండి" అని మీ కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. ఫ్రిస్కోలో అద్దె ఇళ్లు రెండున్నవాళ్లు మరీ ముఖ్యంగా.

నలుగురున్న కారుకు ప్రమాదమైతే వేగం అవసరం. 30/60 పాలసీ అంటే అందరికీ కలిపి 60,000. ఒక మరణం ఉన్నా, భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అందరికీ కలిపి ఆ ఒక్కరి లెక్కన 30,000 దాటదు. 1994 నాటి ఒక తీర్పు ప్రకారం, సహేతుకమైతే కంపెనీ ఒకరిద్దరితో ముందు సెటిలై లిమిట్ ఖాళీ చేసినా మిగిలినవాళ్లు దాన్ని తప్పుపట్టలేరు. అంత్యక్రియల ఏర్పాట్లలో, శవాన్ని ఇండియాకు పంపే పనుల్లో మునిగిన కుటుంబం ఆలస్యమైపోతుంది. వాళ్ల తరఫున ఒక స్నేహితుడైనా క్లెయిము నోటీసు పంపించాలి. ఇలాంటప్పుడే ఫోన్లు కూడా మొదలవుతాయి: "మేం లాయరు ఆఫీసు నుంచి, ఫలానా క్లినిక్కుకు వెళ్లండి." ప్రమాద బాధితులకు ఇలా పిలవకుండా ఫోన్ చేసి కేసులు పట్టటం టెక్సస్‌లో నేరం. ఉత్తరం రాయటానికి కూడా 31వ రోజు దాకా ఆగాలి. అలా వచ్చిన లాయరును వద్దనండి.

వచ్చిన డబ్బులో ఎంత మిగులుతుందన్నది చాలామంది చివర్లో చూస్తారు, మొదట్లో చూడాలి. లాయరు ఫీజు సాధారణంగా మూడో వంతు, కేసు వేశాక నలభై శాతం. ఆ తర్వాత ఆరోగ్య ఇన్సూరెన్స్ తాను కట్టింది తిరిగిమ్మంటుంది. పెద్ద కంపెనీల ఉద్యోగుల ప్లాన్లు ఎక్కువగా కంపెనీ సొంత నిధులతో, ఎరిసా అనే ఫెడరల్ చట్టం కింద నడిచే ప్లాన్లు, వాటికి ప్లాన్ పత్రంలో రాసిందే చట్టం. అది 62,000 కట్టి ఉంటే, మీకు వచ్చింది 30,000 మాత్రమే అయితే, లాయరుకు పదివేలు పోగా మిగిలిన ఇరవై వేలూ తనవే అనవచ్చు. అందుకే హెచ్‌ఆర్‌ను అడిగి పూర్తి ప్లాన్ డాక్యుమెంటు తెప్పించుకోండి, సమ్మరీ కాదు. లాయరు ఫీజు ఎవరు మోయాలో అందులో ఏమీ రాయకపోతే ప్లాన్ కూడా వాటా మోయాలని 2013లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. బయట ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కొన్న ప్లాన్ అయితే టెక్సస్ చట్టం వాటి వాటాకు హద్దు పెట్టింది. మీరు ప్రీమియం కట్టుకున్న యూఐఎం డబ్బును అవి అసలు ముట్టుకోకూడదు. రెండున్నర లక్షల నష్టం అని లెక్కేసేటప్పుడు కూడా ఆస్పత్రి అచ్చువేసిన బిల్లు కాదు, నిజంగా కట్టిన లేదా కట్టాల్సిన మొత్తమే కోర్టులో నిలుస్తుంది.

అన్నీ తేలి 30,000కు సెటిల్ అవ్వాలనుకున్నా రెండు ప్రమాణపత్రాలు తీసుకోకుండా రిలీజ్ ఇవ్వొద్దు: ఎదుటి డ్రైవరు తనకు వేరే ఏ పాలసీ లేదని, ఆ సమయంలో ఎవరి ఉద్యోగ పనిమీదా లేనని నోటరీ ముందు రాసివ్వాలి. అది అబద్ధమని తేలితే సెటిల్‌మెంటు రద్దు చేసుకునే వీలు రాయించుకోవాలి. టెక్సస్‌లో కేసు వేయకముందు లిమిట్ ఎంతో చెప్పి తీరాలన్న నిబంధన కంపెనీ మీద లేదు. కేసు వేశాక పాలసీ చూపించక తప్పదు. ప్రమాదం రోజు నుంచి రెండేళ్లు గడువు. అడ్జస్టరుతో మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సంగతి. వాళ్లు మీ కారులో ఉండగా దెబ్బ తగిలితే మీ పిప్, మీ యూఐఎం వాళ్లకూ వర్తిస్తాయి, పాలసీలో పేరుండక్కర్లేదు. కాలనీలో నడుస్తుండగా కారు గుద్దితే మాత్రం, వాళ్లు మీ ఇంట్లో నివసించే కుటుంబసభ్యులా, చూడటానికి వచ్చినవాళ్లా అన్న వాదన మొదలవుతుంది. పాలసీలో "కుటుంబసభ్యుడు" నిర్వచనం వాళ్లు విమానం ఎక్కకముందే చదివి పెట్టుకోండి. గాయపడితే, వాళ్లు తిరిగి వెళ్లేలోగా ఇక్కడి డాక్టరు చేత భవిష్యత్తులో ఏ వైద్యం కావాలో, ఎంత ఖర్చవుతుందో రాయించండి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో చేయించిన ఫిజియోథెరపీ రసీదులన్నీ తేదీలతో దాచమనండి. వాళ్ల వాంగ్మూలం వీడియోలో తీసుకోవచ్చు, దానికోసం మళ్లీ వీసా తిప్పలు పడి రావక్కర్లేదు.